ఏ వార్తాలేఖ తెప్పించుకోవలెను?

పూర్వం మన కొయ్యూరు మన్యంలో క్రొత్త సంగతి తెలియవలెనంటే సంతకు పోవలసి ఉండేది. ఉప్పుకో బట్టకో పోయినవాడు ధర కబురు, వాన కబురు, విత్తనాల కబురు కూడా వెంట తెచ్చుకొని కొండ ఎక్కేవాడు. ఆ కబురు చెప్పినవాడెవడో అతనికి తెలుసు. అది అబద్ధమైతే పై వారం అదే సంతలో నిలదీసేవాడు. నేడు సెల్‌ఫోను ఉన్న ప్రతి ఇంటికీ రోజుకు ఇరవై ముప్పై కబుర్లు వచ్చి పడుతున్నవి. చెప్పినవాడెవడో తెలియదు. నిలదీద్దామంటే మనిషి దొరకడు.

ఇన్ని వార్తలు వస్తున్నవి గనుక రైతుకు ఇక తెలియనిది లేదని కొందరు అధికారులు అనుకుంటున్నారు. అది పొరపాటు. నేను చూచినంతవరకు, పది వాట్సాప్ గుంపులలో ఉన్న రైతుకన్న ఒక్క మంచి లేఖను వారంవారం చివరిదాకా చదివే రైతే తన పంటను గూర్చి ఎక్కువ ఎరిగి ఉంటున్నాడు. అట్టి లేఖను ఎట్లా ఎంచుకోవలెనో నాకు తోచినది వ్రాస్తాను. నచ్చితే పాటించండి, నచ్చకపోతే ఎందుకు నచ్చలేదో ఈ పత్రికకు వ్రాయండి.

వార్తాలేఖ అంటే ఏమిటో ముందు చెప్పుకుందాము. ఒక సంస్థగాని, ఒక మనిషిగాని తమ పేరు పెట్టి, ఆ వారంలోనో ఆ నెలలోనో వచ్చిన సంగతులలో ముఖ్యమైనవి ఏరి, ఒక్కచోట కూర్చి, కోరినవారికి ఈ-మెయిలులో పంపేది వార్తాలేఖ. “ఈ-మెయిలు ఉద్యోగస్తులకు గాని మాకెందుకు?” అని మీరు అనవచ్చు. స్మార్టుఫోను కొన్ననాడే దుకాణంలో మీ పేర ఒక చిరునామా తయారుచేసి ఉంటారు. చాలామందికి తమకు అట్టిదొకటి ఉన్న సంగతే తెలియదు. ఇంట్లో చదువుకున్న కూతురినో మనుమడినో అడిగితే తెరిచి చూపిస్తారు. మన కొండలకు దీనివల్ల ఒక సౌకర్యం కూడా ఉన్నది. సిగ్నలు సన్నగా ఉన్నచోట వీడియో ఎంతసేపటికీ కదలదు. అక్షరాలు మాత్రమే ఉన్న లేఖ ఇట్టే దిగుతుంది. గట్టు మీద సిగ్నలు అందినచోట దింపుకొని, రాత్రి ఇంటిదగ్గర నిదానంగా చదువుకోవచ్చు. ఆరు నెలల తరువాత కావలసి వచ్చినా వెతికితే దొరుకుతుంది.

ఎంచుకోవడం ఎందుకు ముఖ్యమో 2025లో మన జిల్లాలో జరిగిన ఒక సంగతి వల్ల తెలుస్తుంది. ఆ సంవత్సరం అరకు లోయలో చినలబుడు పంచాయతీ కాఫీ తోటలలో కాయ తొలుచు పురుగు బయటపడింది. బెర్రీ బోరర్ అని దానికి పేరు. మన దేశంలో అది మొదట కనిపించినది 1990లో, నీలగిరి జిల్లా గూడలూరులో. కర్ణాటక, కేరళ తోటలవారు ముప్పై ఏళ్లుగా దానితో పెనుగులాడుతున్నారు. మన మన్యపు రైతుకు మాత్రం అది క్రొత్త శత్రువు.

ఆ వార్త వచ్చిన వారంలో నా ఫోనుకు ఈ పురుగును గూర్చి వచ్చిన సందేశాలు లెక్కపెట్టలేకపోయినాను. తోట మొత్తం నరికివేయమని ఒకటి. ఏదో కషాయం కొడితే మూడు రోజులలో పోతుందని ఒకటి. ఎండోసల్ఫాన్ పిచికారీ చేయమని మరొకటి. ఈ చివరిదానిని కొంచెం గమనించండి. ఒకప్పుడు ఈ పురుగు మీద ఎండోసల్ఫాన్ వాడిన మాట నిజమే. కాని 2011లో సుప్రీంకోర్టు ఉత్తర్వుతో ఆ మందు తయారీ, అమ్మకం, వాడకం మన దేశంలో నిలిచిపోయినవి. మొదట వ్రాసినవాడు అబద్ధం వ్రాసి ఉండడు. ఎప్పటిదో సలహాను తేదీ లేకుండా ఎవరో మళ్లీ పంపినారు, దానిని వందమంది మరి వందమందికి పంపినారు. మన మన్యపు కాఫీకి పేరు వచ్చినదే చాలావరకు రసాయనాలు తగలని నీడతోటల పంట అని. అటువంటి సలహా విని ఒక ఊరివారు పాత సీసాలు వెదకి కొట్టినారనుకోండి, పురుగు సంగతి ఎట్లా ఉన్నా ఆ పేరు పోతుంది.

నిపుణులు ఏనాటినుండో చెబుతున్నది ఇంతకంటె చాలా సాదా. కాయ బొడ్డు దగ్గర గుండుసూది మొన దూరేటంత రంధ్రం ఉన్నదేమో చూడవలెను. అట్టి కాయలను ఏరి, మరిగే నీళ్లలో రెండు మూడు నిమిషాలు ముంచవలెను. కోత అయిన తరువాత చెట్టున ఒక్క కాయ, నేల మీద ఒక్క కాయ మిగలకుండా తీయవలెను, ఎందుకంటే పురుగు పై పంటదాకా బ్రతికేది వాటిలోనే. పురుగు ఉన్న ఊరినుండి కాయలను, వాడిన గోనె సంచులను మరొక ఊరికి తరలించకూడదు. ఇందులో డబ్బు పోసి కొనవలసినది ఏమీ లేదు. బహుశా అందుకే ఈ సలహా ఫోనులలో అంత జోరుగా తిరగలేదు.

ఈ మాట నేను ఎగతాళికి అనడం లేదు. ఏ లేఖనైనా తెప్పించుకునే ముందు, దీని ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారని అడగండి. ఉచితంగా వచ్చే లేఖకు కూడా వ్రాసేవాడి జీతం ఎవరో ఒకరు ఇస్తున్నారు. విశ్వవిద్యాలయమో, కాఫీ బోర్డో, ప్రభుత్వ శాఖో ఇస్తే ఒక తీరు. మందుల వ్యాపారి ఇస్తే మరొక తీరు. వ్యాపారి లేఖ చదవకూడదని నేను అనను. క్రొత్త మందు వచ్చిన సంగతి కొన్నిసార్లు ముందుగా వారి లేఖలోనే తెలుస్తుంది. నేను రెండేళ్లు ఒక వ్యాపార సంస్థ లేఖను తెప్పించుకున్నాను. బొమ్మలు బాగుండేవి, తెలుగు బాగుండేది. అయితే ఏ తెగులుతో మొదలుపెట్టినా వ్యాసం చివరకు అదే సంస్థ సీసా దగ్గరకు వచ్చి ఆగేది. “ఈ వారం ఏమీ కొట్టనక్కరలేదు” అన్న వాక్యం ఆ రెండేళ్లలో ఒక్కసారి కూడా కనిపించలేదు. అది గమనించిననాడు మానివేసినాను. ఏ లేఖకైనా అడుగున ‘చందా విరమణ’ అని చిన్న అక్షరాలతో ఉంటుంది, దానిని నొక్కితే చాలు.

తరువాత చూడవలసినది, ఆ లేఖ ఏ నేలకోసం వ్రాసినదని. కొయ్యూరువారికి ఇది ఇతరులకంటె ఎక్కువ చిక్కు. చింతపల్లిలోని ప్రాంతీయ వ్యవసాయ పరిశోధనా స్థానం ఎత్తయిన గిరిజన ప్రాంతానికి చెందినది. అనకాపల్లి స్థానం ఉత్తర కోస్తాకు చెందినది. రెండు చోట్లనుండీ వాతావరణాన్ని బట్టి సాగు సలహాలు వెలువడుతున్నవి. పరిపాలన రీత్యా మనం అల్లూరి సీతారామరాజు జిల్లా, అనగా చింతపల్లి, పాడేరులతో ఒకటి. నేల రీత్యా మన పంచాయతీలలో చాలా భాగం ఆ ఎత్తుకు దిగువన, మైదానానికి దగ్గరగా ఉన్నవి. లంబసింగిలో మంచు పేరుకున్ననాడు మన జీడిమామిడి తోటలో ఆ చలి ఉండదు. అట్లాగని అనకాపల్లి చెరకు రైతుకు చెప్పిన మాట మన మెట్టవరికి, పసుపుకు అతకదు. ఎగువ ఊళ్లలో కాఫీ, మిరియాలు వేసినవారు చింతపల్లి సలహాను అనుసరించవచ్చు. దిగువ ఊళ్లలో జీడిమామిడి, వరి ఉన్నవారు ఒక పంటకాలం రెండింటినీ ప్రక్కప్రక్కన పెట్టుకొని చదివితే గాని తమకు ఏది చెల్లుతుందో తేలదు. ఇంకొక జాగ్రత్త. మన జిల్లా ఏర్పడినది 2022 ఏప్రిల్‌లో. అంతకు ముందు వ్రాసిన వాటిలో విశాఖపట్నం జిల్లా అంటే మనం కూడా అందులో ఉన్నట్లే. ఇప్పటివాటిలో విశాఖపట్నం అంటే మనం లేము.

ఏది చెల్లుతుందో తేల్చుకోవడం మాటలతో కాదు. ఒక నోటు పుస్తకం కొనండి. భారత వాతావరణ శాఖవారి వ్యవసాయ బులెటిను మంగళవారం, శుక్రవారం వెలువడుతుంది. రాబోయే ఐదు రోజుల వాన అంచనా అందులో ఉంటుంది. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో తెలుగులోనే చూడవచ్చు, లేదా మీ గ్రామ వ్యవసాయ సహాయకుని అడగవచ్చు. పుటకు ఎడమ ప్రక్క వారు చెప్పినది, కుడి ప్రక్క మీ పొలంలో కురిసినది వ్రాయండి. వాన కొలవడానికి పరికరం కొననక్కరలేదు. ప్రక్కలు నిలువుగా, అడుగు చదునుగా ఉన్న ఏ డబ్బానైనా చెట్ల నీడ పడని చోట పెట్టి, ఉదయం ఎనిమిదిన్నరకు స్కేలు దించి మిల్లీమీటర్లు చూస్తే మన పనికి సరిపోతుంది. జూన్‌నుండి అక్టోబరుదాకా వ్రాసినారంటే, ఆ బులెటిను మీ ఊరికి ఎన్నిసార్లు సరిపోయినది, ఎన్నిసార్లు తప్పినదీ మీ చేతి వ్రాతలోనే ఉంటుంది. కొండ వాన ఒక గట్టు మీద కురిసి ప్రక్క గట్టు మీద కురవదు. కాబట్టి కొన్ని తప్పులను వాతావరణ శాఖ నెత్తిన వేయకూడదు. ఐదు రోజులలో వాన లేదన్నప్పుడు కోసిన చేను తడిసినది ఎన్నిసార్లో, ఆ లెక్క మాత్రం తప్పకుండా చూసుకోండి. 2023 డిసెంబరు మొదటి వారంలో మిచౌంగ్ తుపాను వచ్చినప్పుడు హెచ్చరిక కొన్ని రోజుల ముందే వచ్చింది. అది చదివి పనలు ఎత్తి కుప్ప వేసినవాడికి, చదవనివాడికి ఆ ఏడు తిండిగింజలలోనే తేడా పడింది.

జీడిమామిడి సంగతి కూడా ఇటువంటిదే. పూత దశలో మబ్బు పట్టిన రోజులు వరుసగా వస్తే టీ దోమ ఉధృతి పెరుగుతుంది. అందుచేత జనవరి నెలలో “ఆకాశం మేఘావృతం” అన్న రెండు మాటలు వరి రైతుకు ఏమీ కాకపోయినా, మీకు మాత్రం లేచి తోటకు పోయి చిగుళ్లు చూడవలసిన మాటలు. మంచి లేఖ ఆ రెండు మాటలు చెప్పి ఊరుకోదు, ఏ పంటవాడు ఏమి చూసుకోవలెనో కూడా చెబుతుంది.

ఇక క్రొత్త కనుగోళ్ల వార్తలు. వీటిలో మోసపోవడం మరీ సులభం. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి జన్యు సవరణ చేసిన రెండు వరి రకాలను ప్రకటించినారు. అందులో కమల అనేది మన సాంబా మసూరి నుండి రాజేంద్రనగర్‌లోని భారత వరి పరిశోధనా సంస్థవారు తయారుచేసినది. సాంబా కన్న సుమారు ఇరవై రోజులు ముందుగా కోతకు వస్తుందని చెప్పినారు. మరునాటికే కొన్ని గుంపులలో “క్రొత్త సాంబా విత్తనం వచ్చింది, బస్తాకు ఇంత” అని బేరాలు మొదలైనవి. ప్రకటించిన రకం వేరు, దుకాణంలో దొరికే విత్తనం వేరు. మధ్యన విత్తన వృద్ధి, అనుమతులు, ఇంకా పరీక్షలు ఉంటవి. ఆ తరువాత పరీక్షల లెక్కల మీద విమర్శలు, వాటికి పరిశోధకుల జవాబులు కూడా వచ్చినవి. ఒక మంచి వార్తాలేఖ ఇదంతా క్రమంగా చెప్పి, ఈ విత్తనం ఇప్పుడు ప్రయోగశాలలో ఉన్నదా, పరీక్షాక్షేత్రంలో ఉన్నదా, దుకాణానికి వచ్చినదా అన్నది స్పష్టం చేస్తుంది. ఆ మాట చెప్పని లేఖలో ఎన్ని విశేషాలు ఉన్నా మనకు ఉపయోగం తక్కువ. డ్రోనుల గూర్చి, ఆకు ఫొటో చూసి తెగులు పేరు చెప్పే యాప్‌ల గూర్చి వచ్చే వార్తలకు కూడా ఇదే కొలత.

ధరల వార్తకు ఇంకొక చిక్కు ఉన్నది. 2025 ఫిబ్రవరిలో న్యూయార్కు విపణిలో అరబికా కాఫీ పౌనుకు 4 డాలర్లు దాటింది. బ్రెజిల్‌లో అనావృష్టి అందుకు ముఖ్య కారణం. అంటే కిలోకు దాదాపు 8 డాలర్ల 80 సెంట్లు. ఈ వార్త విని, తన పండు కాయకు కూడా ఆ ధరే రావాలని సంతలో తగవు పడిన రైతు ఉన్నాడు. వార్త వినకనే పాత ధరకు అమ్ముకున్న రైతూ ఉన్నాడు. న్యూయార్కు ధర శుభ్రం చేసిన పచ్చి గింజది. ఒక కిలో అట్టి గింజకు ఆరు కిలోల దాకా పండు కావలె. పార్చ్‌మెంటు అయితే యాభై కిలోల బస్తాకు నలభై కిలోల గింజ దిగవచ్చు. కాఫీ బోర్డువారు ప్రతిదినం ధరలు ప్రకటిస్తున్నారు. గిరిజన సహకార సంస్థ కొనుగోలు కాలంలో తన ధర చెబుతుంది. ఈ రెండింటినీ చేర్చి, పండుకు ఇంత, పార్చ్‌మెంటుకు ఇంత అని విడగొట్టి చెప్పే లేఖ దొరికితే దానిని వదలకండి. దళారి దగ్గర నిలబడినప్పుడు మీకు అక్కరకు వచ్చేది అదే.

పిడుగులు, తుపాను, వరద విషయంలో మాత్రం వారానికొక లేఖ పనికిరాదు. అక్కడ ఫోను సందేశమే కావలె. పిడుగులకు దామిని యాప్ ఉన్నది. తొందర ప్రశ్న ఏదైనా ఉంటే 2004నుండి పనిచేస్తున్న కిసాన్ కాల్ సెంటరుకు, 1800-180-1551కు, ఉదయం ఆరునుండి రాత్రి పదిలోపు తెలుగులోనే మాట్లాడవచ్చు. గుంపుల సందేశాలు కూడా పూర్తిగా మానమని నేననడం లేదు. ప్రక్క ఊరిలో పురుగు పడిందన్న కబురు ముందుగా వచ్చేది వాటిలోనే. కబురు అక్కడ వినండి, మందు మాత్రం అక్కడ అడగవద్దు.

ఎన్ని లేఖలు తెప్పించుకోవలెనని అడిగితే, మూడు దాటవద్దంటాను. నాలుగవది కావలసివస్తే మూడింటిలో ఒకటి మానవలెను. 1970లలో డేనియల్ బెనార్ అనే నిపుణుని పద్ధతి మన దేశంలో చాలా రాష్ట్రాలలో నడిచింది. గ్రామసేవకుడు పదిహేను రోజులకొకసారి చెప్పిన రోజునే ఊరికి వచ్చి, ఆ పదిహేను రోజులకు కావలసిన కొద్ది మాటలే చెప్పి పోవలెను. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు, ఖర్చు కూడా ఎక్కువైనది. అయితే రైతు ఒకసారి పట్టుకోగలిగినది నాలుగు మాటలే అన్న సంగతి అందులో గ్రహించినారు. అంతకు ముందు తంజావూరు ప్రాంతంలో ఏడీటీ 27 అనే వరికి జనం రేడియో ధాన్యమని పేరు పెట్టుకున్నారు, దాని సంగతి రేడియోలో విని నాటినారు గనుక. తెలిసిన గొంతు, తెలిసిన వేళకు చెబితే రైతు విన్నాడు.

కొయ్యూరువారికి లేఖ విలువ వేరే చెప్పనక్కరలేదు. 1922లో అల్లూరి సీతారామరాజుగారు పంపిన మిరపకాయ టపాను గూర్చి మన పెద్దలు ఇప్పటికీ చెప్పుకుంటారు. ఎవరు పంపినదీ, ఎవరికి పంపినదీ, ఎప్పుడు వస్తామన్నదీ అందులో దాపరికం లేదు. మన ఫోనులకు వచ్చే సందేశాలలో ఈ మూడూ ఉన్నవి ఎన్ని ఉంటవో ఈ రాత్రి తీరికగా చూడండి.

గ్రామోద్యోగులకు ఒక మనవి. చదవడం రానివారు, ఫోను లేనివారు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. 2020లో రైతు భరోసా కేంద్రాలుగా మొదలై, 2024లో రైతు సేవా కేంద్రాలుగా పేరు మారిన కేంద్రాలలో గోడకు ఒక బోర్డు ఉన్నది. నేను ఒక కేంద్రానికి పోతే బోర్డు మీద వరి నాట్ల సలహా అంటించి ఉన్నది. అప్పటికి కోతలు అయి కళ్లాలు ఎత్తివేసినారు. అక్కడి ఉద్యోగిని తప్పు పట్టలేను, అతని నెత్తిన పది సర్వేలు ఉన్నవి. అయినా పాత కాగితం ఉండడంకంటె బోర్డు ఖాళీగా ఉండడం మంచిది. మంగళవారం, శుక్రవారం వచ్చిన బులెటినులో మీ పంచాయతీకి చెందిన నాలుగు వాక్యాలు పెద్ద అక్షరాలతో చేత్తో వ్రాసి, పైన తేదీ వేసి అంటించండి. సంత రోజున ఎవరైనా ఒకరు బిగ్గరగా చదివితే మరీ మంచిది. క్రింద మీ పేరు వ్రాయండి. పేరు వ్రాస్తే తప్పు వచ్చినప్పుడు అడుగుతారని భయపడేవారున్నారు. అడగనివ్వండి, అడిగిననాడు మళ్లీ వచ్చి చదువుతారు.

నా సంగతి చెప్పి ముగిస్తాను. ఇప్పుడు నేను తెప్పించుకునేవి రెండే. ఒకటి చింతపల్లి సలహా, రెండవది కాఫీ బోర్డు ధరల పట్టిక. మూడవ చోటు ఖాళీగా ఉంచినాను. జీడిమామిడిని గూర్చి, మన దిగువ మన్యపు ఎత్తుకు సరిపోయేటట్లు, తెలుగులో, తేదీ వేసి, వ్రాసినవారి పేరుతో వచ్చే లేఖ ఒకటి కావలె. అట్టిది మీలో ఎవరైనా తెప్పించుకుంటూ ఉంటే ఈ పత్రిక చిరునామాకు ఒక కార్డు వ్రాయండి. అట్టిది వ్రాయగల ఉద్యోగి మీలో ఉంటే, జీడి పూత రాకముందే మొదలుపెట్టండి.